పక్క బెడ్ అలారం

3, సోమవారం

డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటుంటే ఇన్‌చార్జి మేడమ్ అందరినీ వరసగా నిలబెట్టి చెప్పింది. పాత భవనంలోని మా పిల్లల ఐసీయూ, కొత్త భవనంలోని పిల్లల ఐసీయూ వచ్చే నెల నుంచి ఒకటే అవుతాయట. రెండూ కలిస్తే నర్సులు ఎక్కువైపోతారట. అందుకని ఎవరి ఉద్యోగానికి వాళ్ళే మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వెళ్ళి, నెగ్గితే ఉండాలట. నెగ్గనివాళ్ళని పెద్దల వార్డులకి పంచేస్తారట.

అరికాలి మంట నెత్తికెక్కింది. సంసారం చేస్తున్నదాన్ని పట్టుకుని మళ్ళీ పెళ్ళిచూపులకి కూర్చోమన్నట్టుంది. ఊపిరాడని పిల్లల్ని ఇన్నేళ్ళుగా ఈ చేతులతోనే చూసుకున్నాను. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ‘పిల్లలంటే నాకు చాలా ఇష్టమండీ’ అని చెప్పాలి.

పెద్దక్క మాత్రం మేడమ్ మొహం వైపే చూస్తూ నిలబడింది. అందరూ కదిలాక నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, “ఏమందే మొద్దూ? మళ్ళీ చెప్పు” అంది. మొదట్నుంచీ చెప్పాను. మాస్కు పెట్టుకుని మాట్లాడితే ఎవరికి మాత్రం అర్థమవుతుంది, ఆ మేడమ్ గొంతే అంత.

చేరిన మొదటి వారం, పిల్లాణ్ణి వదిలేసి మానిటర్ వైపు చూస్తూ నిలబడ్డానని పెద్దక్క నెత్తిన మొట్టికాయ వేసి మొద్దూ అంది. ఆ పేరే ఉండిపోయింది. నేను అక్కా అన్నాను, తర్వాత యూనిట్ అంతా పెద్దక్కా అంది. తోడబుట్టినవాళ్ళు కూడా నాకు అంత చెయ్యలేదు.

4, మంగళవారం

పెద్దల వార్డుకి నేను వెళ్ళను. అంతే.

6, గురువారం

డ్యూటీ అయ్యాక పెద్దక్క ఇంట్లో చదువు. గుమ్మంలో అడుగు పెట్టకముందే టీవీ మోత. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ బావగారికి మంచమే లోకం. “తల పగిలిపోతోందమ్మా, ఆ టీవీ తగ్గించమని మీ అక్కకి చెప్పు, నా మాట చెవిన పెట్టదు” అని మొరపెట్టుకున్నాడు. నేనే తగ్గించాను. కాసేపటికి పెద్దక్క టీ పట్టుకొచ్చి, టీవీ ఎవరు ఆపారంది. ఆపలేదు, నడుస్తూనే ఉంది.

ఎదురెదురుగా కూర్చున్నాం. పక్కపక్కన కూర్చుంటే ఒకే పుస్తకం చూసుకోవచ్చు కదా అంటే, “ఇంటర్వ్యూలో ఎదురుగానే కూర్చుంటారు. అలాగే అలవాటవ్వాలి” అంది. నిజమే కదా.

ప్రశ్నలు నేను అడిగాను. పిల్ల చనిపోతే తల్లితో ఏం చెప్తారు? పెద్దక్క గుటక వేసి టీ కింద పెట్టింది. “చనిపోయిందని చెప్తాను. వెళ్ళిపోయింది, లేదు, నిద్రపోయింది అనను. ఆ మాటలంటే తల్లి ఇంకా తలుపు వైపు చూస్తూ ఉంటుంది.” ఇది ఏ పుస్తకంలో ఉంటుంది? నేను పేజీలకి పేజీలు బట్టీ పడుతున్నాను, ఈవిడ టీ తాగుతూ చెప్తోంది.

తర్వాతది: మీ తోటి నర్సు పని వల్ల పిల్లలకి ప్రమాదం అనిపిస్తే ఏం చేస్తారు? ఇది తను నన్ను అడిగింది. ముందు ఆమెతో స్నేహంగా మాట్లాడి, పరిస్థితి అర్థం చేసుకుని అంటూ మొదలుపెట్టాను.

“నీళ్ళు నమలకు” అంది. “ముందు ఆమెని ఆ బెడ్ దగ్గర్నుంచి తప్పిస్తాను. వెంటనే ఇన్‌చార్జికి చెప్తాను. ఆ తర్వాత కావాలంటే ఆమె పక్కన కూర్చుని ఏడుస్తాను. ఈ వరసలో చెప్పు, కళ్ళకద్దుకుని తీసుకుంటారు.”

ఏడుస్తాను అన్నది ఇంటర్వ్యూలో వద్దులే అక్కా అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. బావగారు మంచం మీద నుంచి ఏమైందేమైందని కేకలు.

9, ఆదివారం

ఇంట్లో చంటిది ఇంటర్వ్యూ చేసింది. వాళ్ళ నాన్న కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని, బల్ల వెనక కూర్చుని, “మీకు ఇంజెక్షన్ ఇవ్వడం వచ్చా?” అంది. వచ్చండీ అన్నాను. “నొప్పి లేకుండా వచ్చా?” అంది. రాదండీ అన్నాను. “అయితే ఉద్యోగం లేదు, పోండి” అంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. మనిషికి ఒక్క రోజు కూడా నా భయం అర్థం కాదు. పెద్దల వార్డు అయితే ఏమైంది, వాళ్ళు మనుషులు కారా అంటాడు. మనుషులే. నాకే చేతకాదు. అరచెయ్యంత ఛాతీ పైకీ కిందకీ కదులుతుంటే చూస్తూ ఉండటం తప్ప నాకు ఇంకో పని రాదు.

11, మంగళవారం

ఈ రోజూ మా ఇద్దరికీ పక్కపక్క బెడ్లే. డ్యూటీలు వేసే అమ్మాయికి నేనే ముందుగా చెప్పి వేయించుకుంటాను. ఎప్పట్నుంచో అలవాటు, ఇద్దరం కలిసి బాగా పని చేస్తాం.

పెద్దక్కది పహిల్వాన్ బెడ్. రెండేళ్ళ వాడు. నరాల జబ్బు వచ్చి ఒళ్ళంతా పడిపోతే తెచ్చారు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, అందులో గొట్టం పెట్టి వెంటిలేటర్‌తో ఊపిరి పోస్తున్నాం. మొన్నటిదాకా రెప్ప తప్ప కదల్చలేనివాడు ఇప్పుడు రెండు చేతులూ దగ్గరికి తెచ్చి చప్పట్లు కొడుతున్నాడు. చప్పుడు రాదు, చేతులు కలుస్తాయి అంతే. పహిల్వాన్ అని పేరు పెట్టింది పెద్దక్కే. “ఏరా పహిల్వాన్, ఇవాళ కుస్తీకి ఎవరొచ్చారు?” అని అడగాలి, వాడు చప్పట్లు కొట్టాలి, వాళ్ళమ్మ కొంగుతో మొహం తుడుచుకోవాలి. రోజూ ఇదే తంతు.

మధ్యాహ్నం పహిల్వాన్ సిరంజి పంప్ మందు అయిపోవస్తోందని సన్నగా కూత పెట్టింది. పెద్దక్క అటు తిరిగి వాడి పక్క దుప్పటి సర్దుతోంది. కూత పెడుతూనే ఉంది. నేను నా బెడ్ వదిలి వెళ్ళి కూత ఆపే బటన్ నొక్కేశాను. భుజం తట్టి మందు అన్నాను. “చూశాలేవే” అంది. చూసే ఉంటుంది. ఆమె ఎప్పుడూ మిషన్ల మీద వెలిగే లైట్లు చూస్తుంది. పెద్ద విషయమేం కాదు.

12, బుధవారం

మళ్ళీ పంప్. మళ్ళీ నేనే నొక్కాను. దగ్గరగా ఉన్నాను కాబట్టి. అలసిపోయి ఉంది పాపం, ఇంట్లో బావగారు, ఇక్కడ ఇంటర్వ్యూ. పెద్ద విషయమేం కాదు.

14, శుక్రవారం

సర్టిఫికెట్లు చూపించమని మేడమ్ ఆఫీసు గదికి పిలిస్తే వెళ్ళాను. వెళ్తూ పెద్దక్కతో చెప్పే వెళ్ళాను. ఆమె అటు తిరిగి ఉన్నట్టుంది. చెప్పాను.

తిరిగొస్తుంటే వరండాలోనే వినిపించింది వెంటిలేటర్ అలారం. తలుపు తోసేసరికి పహిల్వాన్ బెడ్ చుట్టూ అందరూ. వాళ్ళమ్మ గోడకి జారగిలబడి నేల మీద ఉంది.

తర్వాత తలా ఒక ముక్క చెప్పారు. అవతలి చివర ఒక పాపకి గుండె ఆగిపోతే మిగిలిన వాళ్ళంతా అక్కడికి పరిగెత్తారు. ఆ గొడవ కనపడకుండా పహిల్వాన్ బెడ్ చుట్టూ కర్టెన్ లాగారు. అప్పుడు పహిల్వాన్ గొట్టం ఊడింది. చప్పట్లు కొట్టే చేతులే కదా, తగిలి ఉంటాయి. వాళ్ళమ్మ టీ తాగడానికి వెళ్ళి వచ్చి, వాణ్ణి చూసి కేక పెట్టింది. పెద్దక్క రెండడుగుల దూరంలోనే ఉంది. కౌంటర్ వైపు తిరిగి వాడి మందే కలుపుతోంది. తల్లి వచ్చి భుజం పట్టి లాగేదాకా తిరగలేదట.

తిరిగాక మాత్రం ఒక్క క్షణం వృథా చెయ్యలేదు. గొట్టం పెట్టింది, చేత్తో గాలి పంపింది, గుండె మళ్ళీ అందుకుంది.

ఎంతసేపు ఊడిపోయి ఉంది అంటే ఎవరూ చెప్పలేకపోతున్నారు.

మేడమ్ వచ్చి అలారం మోగలేదా అంది. పెద్దక్క సూటిగా చూసి, మోగలేదు మేడమ్ అంది. అబద్ధం ఆడే మనిషి కాదు. మిగిలిన వాళ్ళు అవతలి గోలలో మాకేం తెలియలేదన్నారు. మేడమ్ వెంటనే వెంటిలేటర్ మార్పించి, దాన్ని మెకానిక్ దగ్గరికి పంపించింది.

నన్నెవరూ అడగలేదు. నేను అప్పుడు అక్కడ లేను కదా.

15, శనివారం

పహిల్వాన్ రంగు బాగుంది. ఊపిరి బాగుంది. ఏమీ కాలేదు. దేవుడి దయ.

16, ఆదివారం

సెలవు. ఆగలేక ఫోన్ చేసి కనుక్కున్నాను. చప్పట్లు కొట్టడం లేదట. నిద్రమందు ఇస్తున్నారు కదా, అందుకే అయ్యుంటుంది. చంటిదాని మీద ఊరికే అరిచాను. ఆయన ఎగాదిగా చూసి ఏమైందన్నాడు. ఇంటర్వ్యూ భయం అన్నాను.

17, సోమవారం

నిద్రమందు శనివారమే ఆపేశారట.

మెకానిక్ వచ్చాడు. మిషన్‌లో ఏ లోపమూ లేదన్నాడు. లోపల నమోదై ఉందట, మోగాల్సిన టైముకి మోగింది, ఎవరో నొక్కేదాకా మోగుతూనే ఉందట. మేడమ్ మొహం మాడిపోయింది. అందరూ అవతలి పాప దగ్గర ఉండటం వల్ల వినపడలేదని రాసుకుంది. పెద్దక్కని ఏమీ అనలేదు. పెద్దక్కని అనే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు, సగం మందికి పని నేర్పింది ఆవిడే.

సాయంత్రం మెట్ల దగ్గర పెద్దక్క కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు, ఏ మిషనూ లేదు. వెనక నిలబడి అక్కా అన్నాను. మళ్ళీ అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడితే ఉలిక్కిపడింది.

“మిషన్ బాగానే ఉందట అక్కా.”

“తెలుసు.”

“మోగిందట.”

“తెలుసంటున్నా కదే.” కాసేపు నా మొహంలోకే చూసింది. “సన్న మోతలే వినపడవు. మాటలు వినపడతాయి, దగ్గర్నుంచి మాట్లాడితే. లైట్లు చూసుకుంటాను కదా నేను. ఇన్నేళ్ళలో ఒక్కటైనా వదిలేశానా? ఆ రోజు ఆ కర్టెన్ అడ్డం వచ్చింది.”

“చెవులు చూపించుకోవచ్చు కదా.”

“చూపించుకుంటే కాగితం మీదికి ఎక్కుతుంది. ఇంటర్వ్యూకి ముందే ఇంటికి పంపేస్తారు. మీ బావని పెట్టుకుని ఎక్కడికి పోను? ఈ ఉద్యోగం ఖాయం అవ్వనీ, ఆ మర్నాడే వెళ్ళి చెవులకి మిషన్ పెట్టించుకుంటా. నీ మీదొట్టు.”

నేను మెట్ల వైపు చూశాను.

“నీకెప్పట్నుంచి తెలుసు?” అంది.

“నాకేం తెలీదు.”

పెద్దక్క నవ్వింది. కోపం లేదు అందులో. “మరి ఎప్పుడూ పక్క బెడ్డే ఎందుకు వేయించుకుంటావే?”

ఇంటర్వ్యూ అయ్యేదాకా ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అంతవరకే. ఈ మూడు రోజులూ నేను పక్కనే ఉంటాను.

19, బుధవారం

తల స్కాన్ వచ్చింది. డాక్టర్ తల్లిదండ్రుల్ని చిన్న గదిలోకి పిలిచాడు. పక్కన ఒక నర్సు ఉండాలన్నాడు. పెద్దక్క పేరు ఎత్తితే నేనే వస్తానన్నాను.

గాలి అందని ఆ కాసేపట్లో మెదడుకి దెబ్బ తగిలింది, ఎంతవరకు కోలుకుంటాడో ఇప్పుడే చెప్పలేం అన్నాడు. తండ్రి స్కాన్ కాగితం తిరగేసి చూశాడు. తల్లి మాత్రం, “మళ్ళీ చప్పట్లు కొడతాడా?” అంది. డాక్టర్ నీళ్ళు తాగాడు. చెప్పలేమమ్మా అన్నాడు. ఆవిడ తల ఊపింది, అర్థమైనట్టే. బెడ్ దగ్గరికి వెళ్ళి వాడి కళ్ళ ముందు తన చేతులతో చప్పట్లు కొట్టి చూపించింది. కొట్టింది, ఆగింది, మళ్ళీ కొట్టింది. వాడి కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. నా బెడ్ మీదున్న పాప ఆ చప్పుడుకి నిద్రలేచి ఏడ్చింది.

సిగ్గుగా ఉంది. ఇక్కడ రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. నేను బెడ్లు పక్కపక్కన వేయించుకోకుండా ఉంటే ఏనాడో ఎవరో కనిపెట్టేవాళ్ళు. పంప్ కూత పెట్టిన ప్రతిసారీ నేను నొక్కకుండా ఊరుకుని ఉంటే మేడమ్ వచ్చి అరిచేది, అక్కకి ఏడుపొచ్చేది, చెవులకి మిషన్ వచ్చేది. అంతకంటే ఏమయ్యేది?

రేపు ఇంటర్వ్యూ. నిద్రపోవాలి.

20, గురువారం

ముగ్గురు కూర్చున్నారు. ఒక డాక్టరు, కొత్త భవనం ఇన్‌చార్జి, ఆఫీసాయన. కుర్చీ మెత్తగా కిందికి దిగిపోతోంది, లేచి కూర్చోవడానికే సగం బలం అయిపోయింది.

ఊపిరి ఆగిన పసిపిల్లకి మొదట ఏం చేస్తారు, బరువుని బట్టి మందు ఎలా లెక్కిస్తారు, తల్లి పిల్లని వదలనంటే ఏం చేస్తారు. అన్నీ గడగడా చెప్పాను. చనిపోయింది అనే మాట గురించి పెద్దక్క చెప్పింది చెప్తే డాక్టరు పెన్ను కింద పెట్టి విన్నాడు.

అప్పుడు ఆ కొత్త ఇన్‌చార్జి, “మీ తోటి నర్సు పని వల్ల పిల్లలకి ప్రమాదం అనిపిస్తే ఏం చేస్తారు?” అంది.

ముందు ఆమెని ఆ బెడ్ దగ్గర్నుంచి తప్పిస్తానండీ. వెంటనే ఇన్‌చార్జికి చెప్తానండీ. స్నేహం ఆ తర్వాతండీ. ఎక్కడా తడబడలేదు. ముగ్గురూ ఒకేసారి తల ఊపారు.

“ఎప్పుడైనా అలా చెయ్యాల్సి వచ్చిందా?”

“లేదండీ.”

నా తర్వాత పెద్దక్క వెళ్ళింది. బయటికొచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచి, “అదరగొట్టానే మొద్దూ” అంది. చిన్న గది, మాస్కులు లేవు, ముగ్గురూ ఎదురుగా కూర్చుని మాట్లాడారు. ఎందుకు అదరగొట్టదు. క్యాంటీన్‌లో నాకూ తనకూ టీ తీసుకుంది. నా టీ చల్లారిపోయింది.

21, శుక్రవారం

ఇంటర్వ్యూ అయిపోయింది కదా. ఇక తనే వెళ్ళి చూపించుకుంటుంది.

23, ఆదివారం

ఫలితం వచ్చాక వెళ్తుంది. ఖాయం అయ్యాక అనే కదా ఒట్టేసింది.

24, సోమవారం

జాబితా అంటించారు. మా యూనిట్ నుంచి తీసుకున్న వాళ్ళలో ఆఖరి పేరు పెద్దక్కది. నా పేరు కింద, విడిగా. ఎవరైనా వద్దంటే, లేదా ఆరోగ్య పరీక్షలో ఆగిపోతే నన్ను పిలుస్తారట. లేకపోతే నాకు ఒకటో తేదీ నుంచి మగవాళ్ళ ఎముకల వార్డు.

పెద్దక్క నన్ను కావలించుకుంది. “నీకు రావాల్సిందే, ఎవడో కళ్ళు లేనివాడు దిద్దాడు” అని నా తరఫున తిట్లు లంకించుకుంది. ఆరోగ్య పరీక్ష ఎలాగూ నామమాత్రమే, రక్తం తీసి బీపీ చూసి సంతకం పెట్టేస్తారు, చెవుల జోలికి పోరు అని నెమ్మదిగా చెప్పింది. నన్ను ఊరడిస్తున్నట్టే చెప్పింది.

ఇంటికొచ్చి మొత్తం ఆయనకి చెప్పేశాను. పహిల్వాన్ సంగతి, పక్క బెడ్ సంగతి. అన్నం ముందు కూర్చుని విన్నాడు, కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది.

“వారం కిందట చెప్పుంటే మనిషివి అనేవాళ్ళు” అన్నాడు. “ఇప్పుడు చెప్తే, ఉద్యోగం కోసం అక్కని తోసేసింది అంటారు.”

“చెప్పకపోతే?”

“నన్నడుగుతావేంటే? ఆ పిల్లలు నా చేతిలో ఉన్నారా?”

26, బుధవారం

పెద్దక్క కొత్త యూనిట్ చూడ్డానికి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళింది. “నువ్వూ చూడవే, రేపో మాపో ఎవరో ఒకరు మానేస్తారు, నువ్వు రావాల్సిందే కదా.”

నేల అద్దంలా ఉంది. మా దగ్గరలా ఒకే హాలు కాదు. ఒక్కో పిల్లకి ఒక్కో గాజు గది, తలుపు వేసే ఉంచాలి, రోగం ఒకరి నుంచి ఒకరికి అంటకుండా. ఒక నర్సుకి రెండు గదులు. ఒక గదిలో పిల్లకి పాలు పడుతుంటే రెండో గదిలో మోత రెండు తలుపులు దాటి రావాలి. నేను ఒక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని నిలబడ్డాను. పక్క గదిలో ఏదో పంప్ కూత పెడుతోంది. నాకే చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది. గాజు అవతల పెద్దక్క మంచం కమ్మీ ఎత్తి దించి చూసుకుంటూ మురిసిపోతోంది.

బయటికొచ్చాక చెప్పాను. “అక్కా, ఇక్కడ వద్దు. నువ్వే మేడమ్‌కి చెప్పెయ్. బయటి పేషెంట్లు, టీకాలు, ఏదో ఒకటి ఇస్తారు.”

“ఖాయం అయ్యాక మిషన్ పెట్టించుకుంటానన్నా కదా.”

“ఖాయం అయింది. ఎప్పుడు వెళ్తావు?”

“మూడు నెలలు గడిచి పర్మినెంట్ అవ్వనీ. ఇప్పుడే చెవికి మిషన్ తగిలించుకుని వెళ్తే ఆ కొత్త ఇన్‌చార్జి ఏమంటుంది?”

“పహిల్వాన్‌ని చూశావా అక్కా?”

ఆ మాట అని ఉండకూడదు. ఆమె మొహం నల్లబడిపోయింది. మెల్లగా, ఒక్కో మాట విడదీసి అంది. “రోజూ చూస్తున్నాను. నువ్వొక్కదానివే చూస్తున్నావనుకోకు. అసలు సంగతి చెప్పనా? ఆ పోస్టు నీకు కావాలి.”

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కాదు అక్కా అనడానికి నోరు పెగల్లేదు. ఎందుకంటే కావాలి.

27, గురువారం

మేడమ్ గదికి వెళ్ళాను. తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. పిల్లల కోసం చెప్తున్నాను అని దారి పొడుగునా అనుకున్నాను. గాజు గదులు తలుచుకున్నాను. ఎముకల వార్డు కూడా తలుచుకున్నాను. రెండూ ఒకేసారి వస్తున్నాయి, ఏది ముందో తేల్చుకోలేకపోయాను.

చెప్పేశాను. పెద్దక్కకి సన్న మోతలు వినపడవు మేడమ్.

మేడమ్ చాలాసేపు బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చుంది. “పహిల్వాన్ గొట్టం ఊడిన రోజు కూడా అంతేనా?”

“అంతే అయ్యుంటుంది మేడమ్.”

“నీకెప్పట్నుంచి తెలుసు?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దీనికి మాత్రం జవాబు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాకు ఏడాది నుంచీ తెలుసు మేడమ్, అంతకు ముందు నుంచి కూడా తెలుసేమో మేడమ్ అనాలి. చిన్న వాక్యం.

“నిన్ననే గమనించానండీ” అన్నాను. “కొత్త యూనిట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు.”

మేడమ్ తల ఊపింది. ఇంటర్వ్యూలో ముగ్గురూ ఊపినట్టే.

28, శుక్రవారం

పెద్దక్కని పిలిపించారు. చెవుల డాక్టర్ దగ్గరికి పంపించారు, కాగితం గంటలో వచ్చేసింది. తర్వాత మేడమ్ నన్ను కూడా లోపలికి పిలిచింది. నేను గోడ పక్కన నిలబడ్డాను. పెద్దక్క కూర్చుని ఉంది, నా వైపు చూడలేదు.

“ముందే చెప్పుంటే మిషన్ పెట్టించి, తేలిక డ్యూటీ వేసేదాన్ని కదా తల్లీ” అంది మేడమ్. “నీ చేతి పని ఎవరికొస్తుంది? వినపడకపోవడం తప్పా? దాచడం తప్పు గానీ. ఇంతకాలం ఎవరికీ తెలియకుండా ఎలా నెట్టుకొచ్చావు? ఇక్కడ ఎవరికైనా తెలుసా?”

పెద్దక్క మేడమ్ పెదాల వైపు చూసి, ప్రశ్న అర్థం చేసుకుని, తల అడ్డంగా ఊపింది.

“ఎవరికీ తెలీదు మేడమ్. నేనే దాచాను.”

లేచి వెళ్ళిపోతూ నన్ను రాసుకునే వెళ్ళింది. ఆగలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. మొద్దూ అన్నా చాలు.

30, ఆదివారం

ఇంటికి వెళ్ళాను. బావగారు మంచం మీద నుంచి నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకుని, “లేదమ్మా” అన్నాడు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులున్నాయి. కాసేపు నిలబడ్డాను. వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడైంది. వచ్చేశాను.

రేపటి నుంచి టీకాల గదిలోనట ఆమెకి డ్యూటీ.

1, మంగళవారం

కొత్త యూనిట్. నా పేరుతో కొత్త బ్యాడ్జి ఇచ్చారు. చంటిది పొద్దున్నే బ్యాడ్జి పెట్టుకునే చోట ముద్దు పెట్టింది. ఆయన బస్సు దాకా వచ్చి, ఏదో అనబోయి, జాగ్రత్త అని వెళ్ళిపోయాడు.

నాకిచ్చిన రెండు గదుల్లో ఒకటి పహిల్వాన్‌ది. పొద్దున్నే పాత భవనం నుంచి తెచ్చారు. వాడి ఒళ్ళు తుడిచాను, పక్కకి ఒత్తిగిలించాను, గొట్టం చుట్టూ శుభ్రం చేశాను. చేసే ప్రతి పనీ చెప్పి చేశాను, చెయ్యి పట్టుకుంటున్నా నాన్నా, తల ఎత్తుతున్నా నాన్నా అని. కళ్ళు తెరిచే ఉన్నాడు.

వాళ్ళమ్మ తలుపు వేసి నా దగ్గరికొచ్చింది.

“ఆవిడకి వినపడదట కదా సిస్టర్. మేడమ్ అంతా చెప్పింది. పాపం, మీకెవరికీ తెలియకుండా దాచుకుందట. మీరు కనిపెట్టి చెప్పబట్టి గానీ, లేకపోతే ఇంకెంతమంది తల్లులు నాలాగా అయ్యేవాళ్ళో.”

నేను వాడి దుప్పటి సర్దుతున్నాను. అప్పటికే సర్దాను.

“ఒక్క మాట చెప్పండి. ఆ రోజు మీరు పక్క బెడ్ దగ్గర ఉండుంటే నా బాబుకి ఇలా అయ్యేది కాదు కదా?”

“అయ్యేది కాదమ్మా” అన్నాను. “అలారం వినపడగానే వచ్చేదాన్ని.”

అందులో అబద్ధం లేదు. వెతికి చూసుకున్నాను, ఒక్క ముక్క కూడా లేదు.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడ వదిలేదాకా నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.